లేఅవుట్ మంజూరుకు ముందు మురుగు మట్టం చూడండి

సంపాదకులకు నమస్కారం.

గట్టి వాన పడ్డ మర్నాడు మీ జిల్లా పేజీలో ఏదో ఒక కొత్త కాలనీ ఫొటో ఉంటుంది. వీధంతా మోకాలి లోతు నీళ్లు, సగం మునిగిన మోటారు సైకిలు, గుమ్మం ముందు ఇసుక బస్తాలు. కింద ‘డ్రెయిన్లలో పూడిక తీయలేదు’ అని వ్యాఖ్య. పూడిక మాట నిజమే. కానీ భీమవరం, పాలకొల్లు, తణుకు, అమలాపురం, రామచంద్రపురం చుట్టూ పొలాల్లో లేచిన కాలనీల్లో చాలావాటికి మునక రాసిపెట్టింది ఆ వాన కాదు. అంతకు కొన్నేళ్ల ముందు, లేఅవుట్ ఫైలు ఆఫీసులో తిరుగుతున్న రోజుల్లోనే అది ఖాయమైపోయింది. ఆ ఫైలులో ఏం చూస్తున్నారు, డెల్టాలో తప్పనిసరిగా చూడాల్సింది ఏం వదిలేస్తున్నారు అన్నది పాఠకులకు తెలియాలి. పొలాలు కొలిచి, లేఅవుట్ డ్రాయింగులు గీసే పనిలో ఉన్నవాళ్లం గనక ఇది రాస్తున్నాం.

ముందు ఫైలు నడక. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో అయినా, దాని బయట టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ శాఖ చూసే ఊళ్లలో అయినా అడిగే ప్రశ్నల వరస ఒకటే. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో పడింది? చేరుకునే రోడ్డు వెడల్పు ఎంత? లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి లావాదేవీల పత్రం), అడంగల్, 1బి (రెవెన్యూ భూమి రికార్డులు) ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా? ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ పొలం కొలతల పటం) కొలతలూ నేల మీద కొలతలూ కలుస్తున్నాయా? పక్కన రైల్వే హద్దు, హైటెన్షన్ లైను, శ్మశానం, చెరువు, కాలువ ఉన్నాయా? లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ డ్రాయింగును ఆన్‌లైన్‌లో పెడతారు, టౌన్ ప్లానింగ్ అధికారి స్థలం చూస్తారు, రెవెన్యూ, జలవనరులు, విద్యుత్ శాఖల నుంచి నిరభ్యంతర పత్రాలు వస్తాయి, రుసుములు కడతారు. అప్పుడు షరతులతో తాత్కాలిక మంజూరు వస్తుంది. రోడ్లు, డ్రెయిన్లు, స్తంభాలు పూర్తిచేస్తారన్న హామీకి ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం ఆ సంస్థకు తనఖా పెట్టాలి. పనులు పూర్తయ్యాక తుది మంజూరు, తనఖా విడుదల.

ఇక్కడే జనం పొరబడే సంగతి ఒకటుంది. పొలాన్ని వ్యవసాయేతర అవసరానికి మార్చినట్టు కాగితం ఉండటం వేరు, మాస్టర్ ప్లాన్‌లో అది నివాస జోన్ కావడం వేరు, లేఅవుట్ మంజూరు కావడం వేరు. రిజిస్ట్రేషన్ అయిందంటే ఈ మూడూ ఉన్నట్టు కాదు. ‘పంచాయతీ అప్రూవ్డ్’ అని బోర్డు మీద రాసుకున్నా, టౌన్ ప్లానింగ్ సాంకేతిక ఆమోదం లేకుండా పంచాయతీ తనంతట తాను లేఅవుట్ ఇవ్వడానికి 2002 నాటి గ్రామ పంచాయతీ నిబంధనల్లోనే వీల్లేదు.

ఆ వరసలో అడిగేవన్నీ అవసరమైనవే. అయితే అవి రాయలసీమ మెట్టభూమికైనా, విశాఖ కొండవాలుకైనా, గోదావరి డెల్టా పల్లానికైనా ఒకేలా సరిపోయే ప్రశ్నలు. డెల్టాకు మాత్రమే చెందిన ప్రశ్న ఒకటుంది. ఈ పదెకరాల మీద పడ్డ నీరు చేల మధ్య ఏ బోదె (పిల్ల కాలువ) లోంచి ఏ మురుగు కాలువకి, ఎంత వాలుతో పోతుంది? మంజూరు కాగితాల్లో దీనికి అంకెల్లో జవాబు ఉన్న ఫైలు అరుదు.

డెల్టా కట్టుబడి అర్థమైతే ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల వాలు మైలుకు అడుగు అటూఇటూ మాత్రమే. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక పంట కాలువలన్నిటినీ మెరక వెంబడి తవ్వారు, నీరు రెండు వైపులా చేలకు దిగాలని. రెండు కాలువల మధ్య పల్లం వెంబడి మురుగు కాలువలు నడుస్తాయి. మన రోడ్లు ఎక్కువగా పంట కాలువ గట్లే, ఊళ్లు పెరిగింది ఆ గట్లను ఆనుకునే. అందుకే రోడ్డు పక్కన ఏ పొలం తీసుకున్నా దాని వాలు రోడ్డు వైపు ఉండదు. రోడ్డుకు వీపు తిప్పి, వెనకాల చేలమీదుగా మురుగు కాలువ వైపు ఉంటుంది. లేఅవుట్ వేసేవాళ్లకు కావాల్సింది మాత్రం రోడ్డు వైపే. పంచాయతీ డ్రెయిన్ అక్కడే ఉంది, వెనకాల ఉన్నది మరొకరి పట్టా. దాంతో లోపలి డ్రెయిన్లన్నీ రోడ్డు వైపు వాలేట్టు గీస్తారు. ఆ వాలు రావాలంటే వెనక భాగాన్ని మట్టితో లేపాలి. లేపితే వెనక చేలకు నీరు దారి తప్పుతుంది, ముందు రోడ్డు డ్రెయిన్ మోయలేక పొంగుతుంది. రోడ్డు డ్రెయిన్ కూడా లేని చోట లోపలి మురుగంతా నేరుగా పంట కాలువలో కలిపేస్తారు. దిగువ ఊళ్ల మంచినీటి చెరువులు నింపుకొనేది ఆ కాలువలోంచే.

ఇక మట్టాల సంగతి. ఇది కాస్త సాంకేతికం, కానీ అసలు లోపం ఇక్కడే ఉంది. లేఅవుట్ ఫైలులో టోపో ప్లాన్ (నేల ఎత్తుపల్లాల పటం) ఉంటుంది, అందులో మట్టాలూ ఉంటాయి. అవి ఎక్కడి నుంచి తీసినవి అని చూడండి. చాలా ప్లాన్లలో గేటు దగ్గర రాయినో, కల్వర్టు మూలనో ఎత్తులు లెక్కించే ఆనవాలుగా, అంటే బెంచ్‌మార్క్‌గా పెట్టుకుని దాని విలువ 100.000 మీటర్లు అని ఊహించి రాస్తారు. మిగతా మట్టాలన్నీ దాన్నిబట్టి 99.640, 99.585 అని వస్తాయి. స్థలం లోపల ఎక్కడ మెరకో ఎక్కడ పల్లమో చెప్పడానికి ఇది చాలు. కానీ జలవనరుల శాఖ రికార్డుల్లో మురుగు కాలువ అడుగు మట్టం, గరిష్ఠ వరద మట్టం సముద్ర మట్టం నుంచి లెక్కగట్టినవి. ఈ రెండు లెక్కలకూ పొత్తు లేదు. కాబట్టి ఆ డ్రాయింగు ఎంత చక్కగా ఉన్నా, కాలనీ డ్రెయిన్ చివర మురుగు కాలువ నీటికి పైన ఉందో కింద ఉందో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. మంజూరు చేసే అధికారీ చెప్పలేరు.

ఒక లెక్క చూడండి. పదెకరాల లేఅవుట్ సుమారు 200 మీటర్లకు 200 మీటర్లు. దూరపు మూల ప్లాటు నుంచి బయటి ద్వారం దాకా డ్రెయిన్ 400 మీటర్లు నడుస్తుంది. సిమెంటు డ్రెయిన్‌కు 500 మీటర్లకు ఒక మీటరు వాలు ఇస్తే 400 మీటర్లలో 80 సెంటీమీటర్లు దిగుతుంది. మొదట్లో లోతు 30 సెంటీమీటర్లు అనుకుంటే, చివర డ్రెయిన్ అడుగు రోడ్డు మట్టానికి 110 సెంటీమీటర్ల కింద ఉంటుంది. రోడ్డును చేను మట్టం కంటే 60 సెంటీమీటర్లు లేపారనుకోండి, డ్రెయిన్ చివర చేను మట్టానికి 50 సెంటీమీటర్లు కిందికి పోయింది. సార్వా (తొలి వరి పంట) చివర్లో, వానల రోజుల్లో మురుగు కాలువలో నీరు చేను మట్టానికి ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు, కిందే నిలబడి ఉంటుంది. అంటే కాలనీ డ్రెయిన్ నోరు 20 సెంటీమీటర్ల నీటిలో మునిగి ఉన్నట్టే. లోపలి నీరు బయటికి పోకపోగా బయటి నీరు లోపలికి ఎగదన్నుతుంది. ఇక పూడిక ఎన్నిసార్లు తీస్తే ఏం లాభం? సముద్రానికి దగ్గరగా ఉన్న శంకరగుప్తం లాంటి డ్రెయిన్లలో దీనికి తోడు పోటు కూడా ఉంటుంది. గోదావరి వరదలో ఉన్నప్పుడు నదిలోకి దిగే డ్రెయిన్ల షట్టర్లు దించేస్తారు, ఆ రోజుల్లో నీరు కదిలే దారే ఉండదు.

దీనికి జవాబుగా ‘మెరక చేస్తున్నాం కదా’ అంటారు. పదెకరాలు నాలుగడుగులు లేపాలంటే 17,42,400 ఘనపుటడుగుల మట్టి కావాలి. వంద ఘనపుటడుగుల యూనిట్ లెక్కన 17,424 యూనిట్లు. అంత మట్టి తోలేవాళ్లు తక్కువ. రోడ్లు మాత్రం గ్రావెల్‌తో లేపి, ప్లాట్లలో పైపైన బుసక (ఇసుక మట్టి) పరిచి వదిలేస్తారు. కొన్నవాళ్లు ఇల్లు కట్టేటప్పుడు ఎవరి ప్లాటు వాళ్లు ఇంకో రెండడుగులు లేపుకుంటారు. చివరికి ముందు కట్టిన ఇల్లు వీధిలో అందరికంటే పల్లంలో పడుతుంది. చేపల చెరువు పూడ్చి వేసిన లేఅవుట్లయితే మరీ కష్టం. అడుగున బురద ఉండగానే పైన మట్టి పోస్తారు, అది రెండు మూడు వానాకాలాలు దిగుతూనే ఉంటుంది, రోడ్డుతోపాటు డ్రెయిన్ వాలూ దిగిపోతుంది.

ఇంకొక లెక్క. పదెకరాల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 40 లక్షల లీటర్ల నీరు. అది వరిచేను అయితే గట్ల మధ్య ఆ నీటిలో ఎక్కువ భాగాన్ని రెండు మూడు రోజులు పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది. డెల్టా మురుగు కాలువల కొలతలు ఆ నమ్మకం మీదే నిర్ణయించారు, వరి రెండు మూడు రోజుల మునకను ఓర్చుకుంటుందని. అదే పదెకరాలు డాబాలూ సిమెంటు రోడ్లూ అయితే అందులో 70 శాతం అనుకున్నా 28 లక్షల లీటర్లు కొద్ది గంటల్లో బయటికి రావాలి. ఆ కాలువ దానికోసం తవ్వింది కాదు. 1960లలో మిత్రా కమిటీ డెల్టా ముంపు మీద నివేదిక ఇచ్చాక డ్రెయిన్ల బాగుకోసం 1968లో ప్రత్యేక చట్టం చేసి కృష్ణా, గోదావరి డెల్టా భూముల మీద డ్రెయినేజీ సెస్సు వేశారు. రైతు తన పంట మునగకుండా ఉండటానికి సెస్సు మోసిన కాలువ అది. దానిలోకి కాలనీ నీరు వదలడానికి అనుమతి ఇచ్చేటప్పుడు కనీసం లెక్క అడగాలా వద్దా?

నిరభ్యంతర పత్రం మాటకొస్తే, అది ఏ నెలలో ఇచ్చారన్నది చూడాలి. దాళ్వా (రెండో వరి పంట) అయ్యాక కాలువలు కట్టేస్తారు. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా మురుగు కాలువల్లో కూడా అడుగు కనిపిస్తుంది. ఆ రోజుల్లో స్థలం చూసి రాసిన నివేదికలో ‘నీటి ప్రవాహానికి ఆటంకం లేదు’ అనే వాక్యం వస్తుంది. చూసినవారు చూసినదే రాశారు, తప్పు పట్టలేం. కానీ డెల్టాలో స్థల పరిశీలన సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య ఒకసారైనా జరగాలి. వేసవిలో వచ్చిన ఫైలును అప్పటిదాకా ఆపితే వడ్డీ భారం పెరుగుతుందని పెట్టుబడి పెట్టినవారు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. దానికి మార్గం ఉంది. గత వానాకాలంలో ఆ డ్రెయిన్‌లో నమోదైన అత్యధిక మట్టాన్ని శాఖ లిఖితపూర్వకంగా ఇవ్వొచ్చు, దాని మీద లెక్క వేయించవచ్చు. అప్పుడు ఫైలు నెలల తరబడి ఆగాల్సిన పని లేదు.

నీటి వనరుల పక్కన వదలాల్సిన జాగా మీద కూడా ఇలాంటి తిరకాసే ఉంది. భవన నిబంధనల ప్రకారం 10 మీటర్ల కంటే వెడల్పైన కాలువ, వాగు, మురుగు కాలువ హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపు వాటికి 2 మీటర్లు వదలాలి. వెడల్పు అంటే రికార్డు ప్రకారం హద్దు నుంచి హద్దుకు. మన మీడియం డ్రెయిన్లు కాగితం మీద ఒక వెడల్పు, నేల మీద అందులో సగం. రెండు పక్కలా చేలు కలుపుకొంటూ వచ్చారు, మధ్యలో గుర్రపుడెక్క, తూటికాడ. నీరు కనబడే వెడల్పు చూసి 2 మీటర్లు వదిలితే చాలనుకుంటారు, ఎఫ్‌ఎంబీ చూస్తే 9 మీటర్లు వదలాల్సిన కాలువ. ఉప్పుటేర్ల పక్కన అయితే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వేరే ఉన్నాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం పోటు నీరు వచ్చే కాలువల పక్కన 50 మీటర్లు లేదా ఆ కాలువ వెడల్పు, రెండింటిలో ఏది తక్కువైతే అంత.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఏ రికార్డులోనూ లేని బోదెలతో వస్తోంది. చేనుకీ చేనుకీ మధ్య నీరు పెట్టుకోవడానికీ తీసుకోవడానికీ తాతల నాటినుంచి ఉన్న బోదెలు చాలావరకు పట్టా భూమిలోనే ఉంటాయి. ఎఫ్‌ఎంబీలో వాటికి గీత కూడా ఉండదు. కాబట్టి వదలాల్సిన జాగా లేదు, నిరభ్యంతర పత్రం అవసరం లేదు, డ్రాయింగులో వాటి ఊసే ఉండదు. లేఅవుట్ వేసినాయన వాటిని పూడ్చేసి ప్రహరీ కడతారు. లేదా చేరుకునే రోడ్డు కింద ఒక సిమెంటు తూర (గొట్టం) వేసి ‘దారి ఇచ్చాం’ అంటారు. ఆ తూరను దగ్గరకెళ్లి చూడండి. ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న బోదెకు నీరు పారే అడ్డకోత 12 చదరపుటడుగులు. ఒక అడుగు వ్యాసం తూరకు ముప్పాతిక చదరపుటడుగు, అంటే పదిహేనో వంతు. రెండడుగుల తూరలు నాలుగు పక్కపక్కన వేస్తేగాని బోదెతో సమానం కాదు. దానికి తోడు తూర అడుగు బోదె అడుగు కంటే జానెడు పైకి కూర్చోబెడతారు, కింద కాంక్రీటు పరుపు వేశాక పైకి వచ్చిందంటారు. ఆ జానెడు నీరు ఎగువ చేలో ఎప్పటికీ నిలిచే ఉంటుంది. మొదటి వానకే తూర నోట్లో గుర్రపుడెక్క చేరుతుంది. ఎగువ రైతు సార్వా నారు కుళ్లిపోతుంది, కాలనీవాళ్లకు దోమలు, ఇద్దరి మధ్య తగవు.

ఈ బోదెలకు చట్టంలో అండ లేకపోలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా హక్కుగా వాడుకుంటున్న నీటి దారి మీద రైతుకు హక్కు ఏర్పడుతుంది. కానీ ఆ హక్కు కోసం ఆయన సివిల్ కోర్టుకు వెళ్లాలి. అంతకంటే ముందే, డ్రాయింగు మీద ఆ బోదెను గీయించి, ఎన్ని తూరలు, ఏ మట్టంలో అని రాయిస్తే ఒక్క సంతకంతో పోతుంది.

ఖాళీ స్థలం మీద మా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మొత్తం విస్తీర్ణంలో 10 శాతం, అంటే పదెకరాలకు ఎకరం, 4,840 గజాలు ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే అమ్ముడుపోని మూల, వంకర ముక్క ఖాళీ స్థలం అవుతుంది. కొన్నేళ్లకు దానిలో మట్టి తోలి కమ్యూనిటీ హాలనో, గుడనో మొదలుపెడతారు. పార్కు కోసం వదిలిన స్థలాన్ని మరో పనికి ఇవ్వడం కుదరదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, అక్కడ పార్కు స్థలాన్ని ఒక ప్రైవేటు ఆస్పత్రికి ఇవ్వడాన్ని కొట్టేసింది. డెల్టాలో మేము అడిగేది ఇంకాస్త ఉంది. ఆ ఎకరంలో సగం పిల్లలు ఆడుకోవడానికి మెరక చేయండి. మిగతా సగం అసలు మెరక చేయకూడదు. అది స్థలంలోని సహజమైన పల్లంలో ఉండాలి, చెరువులా తవ్వాలి, లోపలి డ్రెయిన్లన్నీ ముందు దానిలో దిగి, దాని నుంచి బయటికి పోవాలి. అరెకరం గుంట 2,023 చదరపు మీటర్లు. వానాకాలంలో భూగర్భ జలం పైకి వచ్చేస్తుంది గనక రెండు మూడు మీటర్లు తవ్వినా ఖాళీగా దొరికే లోతు మీటరుకు మించదు. అయినా 20 లక్షల లీటర్లు పడుతుంది. పైన చెప్పిన 28 లక్షల్లో మూడింట రెండు వంతులు అక్కడ ఆగితే మురుగు కాలువ ఊపిరి తీసుకుంటుంది. తవ్విన మట్టి ప్లాట్ల మెరకకు పనికొస్తుంది. చుట్టూ కంచె, మెట్లు, ఏటా ఒకసారి పూడికతీత కావాలి, ఆ ఖర్చు ఎవరిదో మంజూరు షరతుల్లోనే రాయాలి.

లోపలి రోడ్ల కనీస వెడల్పును 12 మీటర్ల నుంచి 9 మీటర్లకు తగ్గించారు. దాని మీద వాదన ఇక్కడ వద్దు. కానీ ఆ 9 మీటర్లలోనే రెండు పక్కలా డ్రెయిన్లు, కరెంటు స్తంభాలు, నీళ్ల పైపు, రాకపోకలకు రోడ్డు అన్నీ ఇమడాలి. స్థలం చాలక ముందుగా కురుచయ్యేది డ్రెయిన్. అడుగు వెడల్పు డ్రెయిన్ మీద ప్రతి ఇంటివారూ ర్యాంపు కట్టుకుంటే దానిలో పార పెట్టడానికి చోటుండదు.

15 శాతం తనఖా గురించి. పదెకరాల లేఅవుట్‌లో అమ్ముకోవడానికి దొరికే ప్లాట్లు రోడ్లూ ఖాళీ స్థలమూ పోను సుమారు 27,000 గజాలు అనుకుంటే, తనఖా 4,000 గజాల పైచిలుకు. ఇది గట్టి ఆయుధం. మరి విడుదల చేసేటప్పుడు ఏం చూస్తున్నారు? రోడ్డు వేశారా, డ్రెయిన్ కట్టారా, స్తంభాలు నిలబెట్టారా అని. డ్రెయిన్ ఉందా అని కాదు, అందులో నీరు నడుస్తుందా అని చూడాలి. ఎగువ మూలలో ఒక ట్యాంకరు నీళ్లు వదిలి అవి బయటి ద్వారం దాకా చేరాయో, మధ్యలో ఎక్కడైనా నిలిచాయో చూస్తే సరి. ఒక గంట పని. పూర్తయిన పనికి ఒక వానాకాలం గడిచేదాకా తనఖాలో కనీసం మూడో వంతు విడుదల చేయకూడదు. కొనేవారికి మా సలహా, ఎల్‌పీ (లేఅవుట్ మంజూరు) నంబరు ఒక్కటే అడిగి ఊరుకోకండి. మంజూరైన ప్లాన్ కాపీ తీసుకుని తనఖా ప్లాట్ల నంబర్లు చూడండి, మీకు చూపించిన ప్లాటు వాటిలో లేదని నిర్ధారించుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు కావాలి, ఆ నంబరూ చూడండి. డ్రెయిన్ చివర బాణం గుర్తు ఎక్కడ ఆగిందో చూసి, అక్కడికి నడిచి వెళ్లండి. అక్కడ మురుగు కాలువ ఉందా, పక్కవాళ్ల చేను ఉందా?

పక్క రైతుకు ఈ తతంగంలో నోరు విప్పే చోటు ఎక్కడ? వ్యవసాయ జోన్‌ను నివాస జోన్‌గా మార్చేటప్పుడు మాత్రం స్థానిక సంస్థ తీర్మానం, పత్రికా ప్రకటన ఉంటాయి. అభ్యంతరాలకు సాధారణంగా 15 రోజులు ఇస్తారు. ప్రకటనలో సర్వే నంబర్లు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఉంటాయి, పటం ఉండదు. చదివినవారికి అది తమ చేను వెనకాలే అని తెలియదు. తెలిసి రాసినవారు కూడా ‘మా ఊరికి నష్టం, అనుమతి ఇవ్వొద్దు’ అని రాస్తారు. అలాంటిదాన్ని ఒక్క వాక్యంతో తోసేయొచ్చు. తోసేయలేని అభ్యంతరం ఎలా ఉంటుందంటే, ఫలానా సర్వే నంబరు ఉత్తరపు గట్టు వెంట బోదె ఉంది, వెడల్పు ఇంత, లోతు ఇంత, ఇన్ని ఎకరాల మురుగు దానిలోంచి ఫలానా డ్రెయిన్‌లోకి పోతుంది, వానాకాలంలో తీసిన తేదీ ఉన్న ఫొటోలు ఇవి, దీన్ని ప్లాన్‌లో చూపించి ఇన్ని తూరలు ఈ మట్టంలో వేయించండి అని. ఆ మురుగు మీద ఆధారపడ్డ రైతులందరి సంతకాలతో, ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద నిరభ్యంతర పత్రం కాపీ, స్థల పరిశీలన తేదీ అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి.

ఇప్పటికే నివాస జోన్‌లో ఉన్న పొలానికి లేఅవుట్ అడిగితే ఈ పాటి ప్రకటన కూడా లేదు. మొదటి మట్టి ట్రాక్టరు వచ్చేదాకా పక్క చేనువారికి కబురే అందదు. ఆ దశలోనూ స్థలం దగ్గర బోర్డు, పంచాయతీలో పటం 15 రోజులు ఉంచాలి. రైతులే సాగునీటి నిర్వహణ చూసుకోవడానికి చేసిన 1997 చట్టం కింద ఏర్పడ్డ నీటి సంఘాలు ఉన్నాయి. తమ ఆయకట్టులో ఏ బోదె ఎటు పోతుందో వాటికి తెలిసినంత ఏ ఆఫీసుకూ తెలియదు. లేఅవుట్ ఫైలు మీద వాటి అభిప్రాయం అడిగే పద్ధతి లేకపోవడం మాకు బాధగా ఉంది.

అనుమతి లేని లేఅవుట్ల సంగతి తడమకుండా ఉండలేం. 2007లో ఒకసారి, 2020లో ఒకసారి, 2025లో మళ్లీ క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. అక్కడ ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో కొంత శాతం కట్టించుకుంటారు. కొన్నవారు సామాన్యులు, వాళ్లకు ఊరట కావాలి, కాదనం. కానీ ఆ రుసుము దేనికి బదులు? ఆ కాలనీలో లేకుండా పోయిన ఎకరానికి బదులు. కాబట్టి ఆ డబ్బు ఆ మండలంలోనే, ఆ కాలనీ నీరు దిగే డ్రెయిన్ మీదే, లేదా పక్కన గుంట కోసం నేల కొనడానికే ఖర్చు కావాలి.

పట్టణాభివృద్ధి సంస్థలు, టౌన్ ప్లానింగ్ శాఖ కొత్త చట్టం కోసం ఆగాల్సిన పనిలేదు. ఉభయగోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల డెల్టా మండలాలకు ఒక సర్క్యులర్ చాలు. ప్రతి లేఅవుట్ డ్రాయింగు మీద నాలుగు మట్టాలు సముద్ర మట్టం లెక్కలో ఉండాలి. నాలుగు మూలల్లోనూ పక్క చేలల్లోనూ ఇప్పటి నేల మట్టం, వేయబోయే రోడ్డు మట్టం, నీరు దిగే మురుగు కాలువ అడుగు మట్టం, అదే చోట గరిష్ఠ వరద మట్టం. ఊహించిన 100.000 బెంచ్‌మార్క్‌తో వచ్చిన డ్రాయింగును ఆన్‌లైన్‌లోనే వెనక్కి పంపాలి. దగ్గరి లాకుల దగ్గరో స్లూయిజ్ దగ్గరో ఉన్న శాఖ బెంచ్‌మార్క్ నుంచి మట్టం మోసుకురావడం ఎత్తులు కొలిచే ఆటో లెవెల్‌తో ఒకటి రెండు రోజుల పని, పదెకరాల లేఅవుట్ పెట్టుబడిలో ఆ ఖర్చు కంటికి ఆనదు. జలవనరుల శాఖ తన డ్రెయిన్ల మట్టాలను, బెంచ్‌మార్క్‌ల జాబితాను మండలాలవారీగా అందరికీ అందుబాటులో పెట్టాలి. ఆ జాబితా రాబోయే కాలువల కట్టివేత రోజుల్లో, డ్రెయిన్ల అడుగు పైకి కనిపించే సమయంలో కొలిచి తయారుచేస్తే, ఆ వచ్చే సార్వాకు ముందే ఫైళ్ల మీద వాడుకోవచ్చు.

ఇట్లు,
లైసెన్స్‌డ్ సర్వేయర్లు కొందరు,
పాలకొల్లు